పులిదోస విత్తనాల వెంట

“ఈడ పెట్టిన మూట యాడ బోయింది?”

హీనా తలెత్తి చూసింది. హెల్మెట్ చంకలో పెట్టుకుని ఒక పొడుగాటి కుర్రాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. చొక్కా మీద గ్రీసు మరక. కళ్లల్లో నిప్పులు.

“ఏ మూటప్పా? ఈడ వంద మూటలుండాయి.”

“నీలం గుడ్డ మూట. పులిదోస విత్తనాలు. ఈ బల్ల మీద పెట్టి, బండి నీడకు నిలిపి, టీ తాగొచ్చేటప్పటికి ల్యా!”

హీనా కడుతున్న పొట్లం పక్కన పెట్టింది.

నంద్యాలలో విత్తనాల పండుగ జరగడం అదే మొదటిసారి. ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పే హీనా, ఆమె స్నేహితులు రెండు నెలలు ఊరూరా తిరిగి రైతులను పిలిచారు. పాత కొర్రలు, నాటు వంకాయ, ఎర్రజొన్న, ఎవరి దగ్గర ఏది మిగిలి ఉంటే అది తెచ్చారు. హాల్లో రెండు బల్లలు. ఒకటి చూపించే విత్తనాలకు, ఇంకోటి పంచే విత్తనాలకు. నీలం మూట పంచే బల్ల మీద కనిపించింది. ఆమే స్వయంగా దాన్ని మూడు పొట్లాలు కట్టి, ముగ్గురికి ఇచ్చేసింది.

“అవి పంచేసినాం,” అంది నెమ్మదిగా.

“పంచేసినారా! ఏమనుకుంటివి, పెండ్లిలో బూందీ పొట్లాలా?”

“ఇది పంచే బల్ల. బోర్డు రాసిపెట్టినాం. చదువు రాదా?”

“బోర్డు మీద ఎవరో టవలు ఆరేసినారు, చూడు!”

చూసింది. నిజమే. ఎవరో పెద్దాయన చెమట తుడుచుకున్న టవలు బోర్డు మీద హాయిగా ఆరుతోంది.

ఆ కుర్రాడి పేరు అజ్మల్. ఆళ్లగడ్డలో మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాడు. వాళ్ల జేజి, అంటే నాయనమ్మ, మదార్‌బీ పత్తి సాళ్ల మధ్య ఏటా పులిదోస పెట్టేది. వానలు ముఖం చాటేసిన ఏడు కూడా ఆ తీగ కాసేదట. జేజికి ఒళ్లు బాగలేక రెండేళ్లుగా సాగు లేదు.

“ఇంట్లో ఇంక ఒక్క గింజ ల్యా. ఉన్నవన్నీ ఇచ్చి పంపించింది. నేనిప్పుడు జేజికి మొగమెట్ల చూపించల్ల?”

హీనాకు కోపం పోయింది. రిజిస్టరు లాక్కుని వేలుతో వెతికింది.

“బండి ఆత్మకూరు ఎలీషా సారు, గోస్పాడు నరసమ్మ, బనగానపల్లె ఉమామహేశ్వరమ్మ. పద!”

“యాడికి?”

“వాళ్లు భూమిలో పెట్టేలోపల పోవల్ల గదా! ఫోన్లు చేస్తా నిలబడితే అయ్యే పని గాదు.”

పరుపుల అంగట్లో ఉన్న తండ్రి రషీద్‌కు ఫోన్ చేసింది. “నాయనా, సాయంత్రానికొస్తా.”

“ఎవరితో పోతాండావ్?”

“విత్తనాలాయనతో.”

“హెల్మెట్ పెట్టుకో,” అన్నాడు రషీద్.

ముందు ఆమె స్కూటీ, వెనక అతని బైకు. జూన్ ఎండ మొహం మీద కొడుతున్నా హీనాకు ఒళ్లంతా ఏదో పరుగు.

రిటైరయిన ఎలీషా సారు పెరట్లో అప్పటికే కుండీలు తడిపేసి ఉన్నాడు. “ఇంటికి రాంగనే పెట్టేసినా పాపా. మట్టిలో పడినదాన్ని తవ్వితే నాకు అన్నం సయించదు,” అని ఇద్దరికీ చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చాడు.

గోస్పాడులో నరసమ్మ గిన్నె తెచ్చి చూపించింది. “ఇప్పుడే నానేసినా. నానిన గింజ మల్లా ఎండబెడితే మొలుచునా? చెప్పింటే ఇయ్యనా పాపా!”

అజ్మల్ ముఖం వాడిపోయింది. రోడ్డు మీదికి వచ్చాక రెండు సోడాలు కొని, ఒకటి ఆమె చేతికిచ్చాడు.

“అంతమందిలో నీ మీద అరిసినా. ఏమనుకోవాకు.”

“అనుకున్నా. రాసి గూడా పెట్టుకున్నా.”

అతను పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వాడు. ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడింది. హీనా అవసరానికి మించి ఒక్క క్షణం ఎక్కువ చూసింది. అతను గమనించాడు. ఆమె సోడా గబగబా తాగేసి, పొలమారి, దగ్గి, స్కూటీ ఎక్కేసింది.

బనగానపల్లె దారిలో వాన పట్టుకుంది. మామూలు వాన కాదు. ఎదర రోడ్డు కనిపించలేదు. స్కూటీ రెండుసార్లు మూలిగి ఆగిపోయింది. అజ్మల్ వానలోనే కూర్చుని, ప్లగ్గు విప్పి, జేబులోని గుడ్డతో తుడిచాడు.

“బోరు మోటార్లు చేసేటోనికి స్కూటీ గూడా వస్తాదా?” అంది హీనా, చున్నీ తలమీద కప్పుకుంటూ.

“నీళ్లు తాగిన ఏ మిషన్‌తోనైనా మాట్లాడతా.”

“మనుషులతో?”

“పొద్దున్నుంచి నేర్చుకుంటాండా.”

స్కూటీ స్టార్టయింది. హీనా గుండె అంతకు ముందే స్టార్టయింది.

ఉమామహేశ్వరమ్మ మామిడితోట మధ్యలో ఇల్లు. ఇద్దరూ తడిసి ముద్దయి గడపలో నిలబడేసరికి ఆమె హడలిపోయింది. సంగతంతా విని, లోపలికి పోయి, బియ్యం డబ్బాలోంచి కాగితప్పొట్లం తీసుకొచ్చింది. కట్టిన దారం కూడా విప్పలేదు!

“దొరికింది!” హీనా ఎగిరి గంతేసింది. అజ్మల్ ఆమె టిఫిన్ డబ్బా అడిగి తీసుకుని, పొడిగుడ్డతో తుడిచి, పొట్లాన్ని అందులో పెట్టి మూత బిగించాడు. నాలుగు మామిడిపండ్లు కూడా దక్కాయి.

మర్నాడు హీనా సెలవు పెట్టి, తండ్రిని వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కింది. తప్పు తనది. పెద్దామెకు తనే చెప్పుకోవాలి.

మదార్‌బీ మంచం మీద కూర్చుని ఉంది. ముడతల మధ్య కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. హీనా సలాం చెప్పి, డబ్బా ముందు పెట్టి, జరిగిందంతా చెప్పింది. “ఇంతే దొరికినాయి జేజీ. మిగిలినవి తిరిగి తేలేకపోయినా.”

మదార్‌బీ మనవడి వైపు తిరిగింది.

“ఏరా, నేనేం చెప్పినా నీకు?”

“పండుగలో పెట్టి రమ్మంటివి.”

“పెట్టి రమ్మంటినా? పంచి రమ్మంటిరా! మోటారు టెస్టింగు పెట్టుకోని ఊరికే తల ఊపితివి!”

అజ్మల్ మంచం పక్క నుంచి ఒకడుగు వెనక్కి వేశాడు.

“నాకు ఎనబై ఏండ్లొచ్చె. ఒక్కింట్లో దాచిన విత్తనం ఒక్క పురుగుతో పోతాది. నాలుగిండ్లల్లో ఉంటే యాడో ఒకచోట బతుకుతాది. నేను చెప్పిన పని ఈ పాప చేస్తే, నువ్వు ఊర్లెంబడి తిరిగి ఎనక్కి తెస్తివా!”

హీనా మెల్లగా అతని వైపు తిరిగింది. అజ్మల్ గోడనున్న క్యాలెండరు చదువుతున్నాడు. రషీద్ నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

“అంటే, నిన్న నన్ను అంతమందిలో...”

“తప్పయిపోయింది.”

“వినపళ్లే.”

“తప్పయిపోయింది హీనా!”

“పోరా, ఆ బనగానపల్లె ఆమె పొట్లం ఆమెకిచ్చి రాపో,” అంది మదార్‌బీ.

“నేనూ వస్తా, దారి నాకే బాగా తెలుసు,” అనేసింది హీనా. అన్నాక ముఖం ఎర్రబడింది. బనగానపల్లె దారి తెలియనివాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు. రషీద్ కూతురి వైపు చూశాడు. మదార్‌బీ రషీద్ వైపు చూసింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆళ్లగడ్డ బైకు నంద్యాలలో కనిపించేది. చెరువుగట్టు మీద ప్లాస్టిక్ ఏరే రోజున అజ్మల్ అందరికంటే ముందు వచ్చాడు. రషీద్ అంగట్లో మిగిలిన గుడ్డముక్కలతో సంచులు కుట్టే రోజున అందరికంటే అధ్వాన్నంగా కుట్టాడు.

దసరా దాటాక ఆళ్లగడ్డలోనే విత్తనాల పండుగ పెట్టారు. అజ్మల్ నాలుగు రోజులు షాపు తీయలేదు. షామియానా నిండా జనం. నరసమ్మ తన చేలో కాసిన పులిదోసకాయలు బుట్టతో తెచ్చింది. హీనా పంచే బల్ల దగ్గర పొట్లాలు కడుతూ ఊపిరాడకుండా ఉంది. ఎదుట పెద్ద లైను. ఆ లైనును తోసుకుని అజ్మల్ వచ్చాడు.

“ఒక మాట.”

“బేగా చెప్పు.”

“నేను ఆదివారాలొచ్చేది చెరువు కోసం గాదు.”

“తెలుసు.”

“సంచులు కుట్టేదానికీ గాదు.”

“నీ కుట్లు చూసినోళ్లకెవరికైనా అది తెలుసు.”

“మీ నాయనను అడిగినా.”

హీనా చేతిలో దారం ఆగిపోయింది. “నన్ను అడక్కుండా మా నాయనను అడిగితివా?”

“ఆయనా అదే తిట్టినాడు. ‘నన్నెందుకప్పా అడుగుతావ్, పాపనడుగు. ఒప్పుకుంటే నాకంటే సంతోషపడేటోడు ఉండడు’ అన్నాడు.”

“మరి అడుగు.”

“ఈడనా?”

“ఈడనే.”

“నన్ను చేసుకుంటావా హీనా?”

లైనంతా ముందుకు వంగింది. “చెప్పు పాపా, ఎండెక్కుతాంది!” అంది నరసమ్మ వెనక నుంచి.

షామియానా చివర కుర్చీల్లో రషీద్, మదార్‌బీ పక్కపక్కనే కూర్చుని, ఇటు చూడనట్టు నటిస్తున్నారు. మదార్‌బీ రెండు చేతులూ అప్పటికే దువాకు లేచి ఉన్నాయి.

“చేసుకుంటా,” అంది హీనా. నవ్వు ఆగలేదు. “ఇంక పక్కకు జరుగు, జనం నిలబడినారు.”

అజ్మల్ జరగలేదు. బల్ల చుట్టూ తిరిగి ఇవతలికొచ్చి, ఆమె పక్కన నిలబడి, దారం ఉండ అందుకున్నాడు.