గొడుగుల వారి ఎండ పందిరి

"పెయింటరు గారూ, కాస్త జరగండి. తాళ్ళు కట్టాలి."

బడి మేడ మీద వేడి తగ్గించే తెల్ల రంగు వేస్తున్న నేను తలెత్తి చూశాను. గొడుగుల దుకాణం వారి అమ్మాయి. భుజం మీద తాళ్ళు, ముక్కు మీద కోపం.

"రంగు ఇంకా ఆరలేదండీ. అడుగు పెడితే ఊరుకోను."

"అడుగు పెట్టకుండా ఎలా కట్టను? ఎగరమంటారా?"

చివరికి తాళ్ళు నేనే కట్టాను. నా రంగు కోసమే అనుకున్నాను, అబద్ధం.

వానలు వేళ తప్పాయి, గొడుగులు కొనేవాళ్ళు లేరు. వాళ్ళ కొట్లో ముగ్గురు కుట్టుపనివాళ్ళు ఖాళీగా కూర్చున్నారు. "గొడుగు కుట్టిన చేతులు పందిరి కుట్టలేవా నాన్నా?" అని ఆమె ఈ ఆర్డరు తెచ్చింది. బడి ఆవరణలో పిల్లలు ఆడుకునే చోట నీడకోసం గుడ్డ పందిరి. ఇది నిలిస్తే సరే, లేదంటే కొట్టు మూసెయ్యాల్సిందే.

మూడో రోజే గాలి లేచింది. పందిరి ఉబ్బి, రెండు తాళ్ళు తెంపుకుని పైకి లేచింది. నేను పరుగెత్తి ఒక మూల పట్టుకుని వేలాడాను. మోకాళ్ళు చెక్కుకుపోయాయి గానీ గుడ్డ దక్కింది.

ఆమె దాని పక్కనే కూలబడింది. నేను కుట్లు తడిమి చూశాను.

"గాలి పోవడానికి సందే లేదేంటండీ?"

"చినుకు కారకుండా కుట్టడమే మాకు వచ్చింది."

"ఇది ఎండకి కదా! అక్కడక్కడా కొయ్యండి."

"మా కొట్టు గుడ్డకి చిల్లులా? నాన్న తట్టుకోలేరు."

"ఇలా ఇవ్వమ్మా కత్తెర," అన్నాడు వెనకనుంచి వాళ్ళ నాన్న.

నలభై ఏళ్ళలో కారే గొడుగు ఒక్కటీ అమ్మని మనిషి. ఆయనే తన చేత్తో గుడ్డ కోశాడు. "అంచులు మడిచి కుట్టండి, చిరగదు," అన్నాడు.

సాయంత్రం మళ్ళీ గాలి వీచింది. పందిరి కాస్త ఊగి, నిలబడింది. పిల్లలు కింద ఆడుతూనే ఉన్నారు. ఆమె నా మోకాళ్ళు చూసి, "సారీ," అంది. మొదటిసారి మెత్తగా మాట్లాడింది. అంతే, నా పని అయిపోయింది.

బస్టాపులు, బజారు, ఆసుపత్రి ముంగిలి, ఆర్డర్లు వరసకట్టాయి. ముగ్గురున్న కొట్లో ఇప్పుడు ఎనిమిదిమందికి పని. "మా అమ్మాయి ఇచ్చిన పని," అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు. వింటుంటే నాకే గర్వంగా ఉంటుంది.

ఒకరోజు వాళ్ళ కొట్టుకి వెళ్ళి, కుట్టు మిషన్ల మోత మధ్య ధైర్యం చేశాను.

"మీరంటే నాకు ఇష్టమండీ."

"ఏంటీ? వినపడలేదు."

గొంతు పెంచి అరిచాను. వాళ్ళ నాన్న లేచి నిలబడ్డాడు. "మంచి కుర్రాడేనమ్మా, నాకు..."

"ఆగండి నాన్నా, చెప్పాల్సింది నేను." ఆమె నావైపు తిరిగింది. "నాకూ ఇష్టమే."

ఎనిమిది మిషన్లూ ఒక్కసారిగా ఆగాయి.

"ఆపకండర్రా, కానివ్వండి," అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ.

ఒక్క మిషనూ కదల్లేదు.