తిరుగుటపా

"ఇది రాసిన మహానుభావులు ఎవరండీ?"

ఆమె నోటి నుంచి నేను విన్న మొదటి మాట అది. నన్ను అడగడం కూడా కాదు, హాలు మొత్తాన్ని అడిగింది. లాప్‌టాప్‌ని పళ్ళెంలా అరచేతి మీద పట్టుకుని నిలబడింది. నేను భయంభయంగా చెయ్యెత్తాను. అప్పటికి ఉద్యోగంలో చేరి పన్నెండు రోజులు.

"మీరేనా? నూట ఇరవై లైన్లు రాశారు. నలభై ఒక్క తప్పులున్నాయి. తప్పులతడక అని వినడమే కానీ, అదెలా ఉంటుందో ఇవాళే చూశాను."

హాలంతా నవ్వింది. ఆ పూట నుంచి నా పేరు తప్పులతడక. నాకంటే ముందే ఆమెకీ ఒక పేరుంది, తిరుగుటపా. ఎవరు ఏ కోడ్ రాసినా ఆమె చూసి టిక్కు పెడితేనే అది అసలు సాఫ్ట్‌వేర్‌లో కలుస్తుంది. చాలావరకు పంపినవి పంపినట్టే వెనక్కి వచ్చేవి.

మాది వింత పని. ఒక పెద్ద కంప్యూటర్ కడుపులో పదో ఇరవయ్యో ఉత్తుత్తి కంప్యూటర్లని నడిపే సాఫ్ట్‌వేర్ చేస్తాం. ప్రతి ఉత్తుత్తి కంప్యూటరూ తానే అసలుదాన్ననీ, మెమరీ అంతా తనదేననీ అనుకుంటుంది. ఫలానా అడ్రస్ నుంచి ఇంత పొడవు ముక్క ఇమ్మని అడుగుతుంది. అది నిజంగా దాని హద్దులోనే ఉందో లేదో చూసి ఇవ్వడం మా బాధ్యత. చూడకుండా ఇస్తే ఒకరి ఇంట్లోకి ఇంకొకరు దూరిపోతారు. అందరి కొంపా మునుగుతుంది.

ఆ హద్దు సంగతి ఆమె నాకు ఒక వానపూట నేర్పింది. కిటికీ అద్దం మీద నీళ్ళు ధారలు కడుతున్నాయి. ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. జుట్టు చివర్లు తడిసి ఉన్నాయి. నేను స్క్రీన్ వైపు చూడటానికి చాలా కష్టపడ్డాను.

"అడ్రస్‌కి పొడవు కూడి, హద్దు దాటిందా అని చూస్తున్నారు. మరి కూడేటప్పుడు అంకె పొంగితే?"

"పొంగడానికి అదేమన్నా పాలా అండీ?"

"జోకులకేం తక్కువ లేదు. మీ ఇంట్లో స్కూటర్ ఉందా?"

"మా నాన్నది ఉంది. నాకంటే పెద్దది."

"దాని మీటర్‌లో అన్నీ తొమ్మిదులు వచ్చాక ఏమవుతుంది?"

"మళ్ళీ అన్నీ సున్నాలు."

"ఇదీ అంతే. ఊళ్ళు దాటి పోయిన అడ్రస్ కూడా సున్నా పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. నీ చెక్ దానికి సలాం కొట్టి లోపలికి పంపిస్తుంది. అందుకే కూడొద్దు. హద్దులోంచి అడ్రస్‌ని తీసెయ్. మిగిలిన చోట్లో పొడవు పడుతుందా లేదా చూడు. ఎక్కిందా?"

నాకు ఎక్కింది ఒక్కటే. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. నేను మాత్రం చివరిదాకా 'అండీ' వదల్లేదు.

రెండో నెలలో పంతం పట్టి, ఒక్క తప్పూ లేకుండా ఒక కోడ్ రాసి పంపాను. ఆమె వచ్చి శెభాష్ అంటుందని తల దువ్వుకుని మరీ కూర్చున్నాను. ఒక రోజు గడిచింది. రెండో రోజూ గడిచింది. ఆఖరికి స్క్రీన్ మీద ఆకుపచ్చ టిక్కు ఒకటి పడింది. మాట లేదు, పలుకు లేదు. ఆమె తన సీట్లోంచి తల కూడా తిప్పలేదు.

తర్వాతి కోడ్‌లో పొరపాటున ఒక స్పెల్లింగ్ తప్పు పడింది. పది నిమిషాల్లో నా బల్ల దగ్గరుంది.

"ఏంటిది? కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?"

కళ్ళు సంగతేమో గానీ, బుద్ధి మాత్రం ఆ రోజే పోయింది. తప్పు లేకపోతే టిక్కు వస్తుంది, తప్పుంటే మనిషే వస్తుంది. నాకు టిక్కు ఎందుకు?

అప్పట్నుంచి ప్రతి కోడ్‌లోనూ చూసి చూసి ఒక తప్పు పెట్టేవాణ్ణి. అక్కర్లేని వేరియబుల్ ఒకసారి, పేరు తప్పు ఒకసారి. ఎవరికీ హాని లేనివే. ఆమె వచ్చి తిట్టేది, నేను నవ్వేవాణ్ణి, ఆమె కోపంగా మొదలుపెట్టి టీ దాకా తెచ్చేది. ఐదు నెలలు అలా హాయిగా గడిచిపోయాయి. అంత హాయి మళ్ళీ నా మొహానికి రాదు.

ఏడో నెల చివర్లో ఆమెని మెమరీ విభాగం మొత్తానికి పెద్దని చేస్తున్నారని తెలిసింది. సీటు పై అంతస్తుకి మారుతుంది. నా కోడ్ ఇంకెవరో చూస్తారు. అందరూ ఆమెకి శుభాకాంక్షలు చెప్తుంటే నేను నా సీట్లోంచి లేవలేదు.

సరిగ్గా అప్పుడే ఆ హద్దుల చెక్‌ని ఒకచోట సరిచేసే పని నాకిచ్చారు. ఆమె చూడబోయే నా ఆఖరి కోడ్ అది. చిన్న తప్పు పెడితే చాలదనిపించింది. తను వానపూట నేర్పిన పాఠాన్నే తిప్పి రాశాను. తీసెయ్యాల్సిన చోట కూడిక పెట్టాను. ఇది చూస్తే రాకుండా ఉండలేదు, వచ్చి మొట్టికాయ వేస్తుంది, అప్పుడు చెప్పేద్దాం అనుకున్నాను. చెప్పాల్సిన మాటని మూడు రకాలుగా కాగితం మీద కూడా రాసుకున్నాను.

ఆమె రాలేదు. మధ్యాహ్నం మూడున్నరకి టిక్కు వచ్చింది. దాని కింద రెండు లైన్లు.

"హాస్పిటల్లో ఉన్నాను. పిన్నినయ్యాను! ఫోన్లోనే చూశాను, బాగుంది. ఇక నీకు నా అవసరం లేదు."

వాళ్ళక్కకి ఆ పూటే కాన్పయింది. ఆ సందడిలో, అరచేతంత స్క్రీన్ మీద, ఇన్నాళ్ళూ తను నేర్పించిన కుర్రాడే కదా అన్న నమ్మకంతో ఆమె టిక్కు పెట్టింది.

నేను ఒక్క బటన్ నొక్కి దాన్ని వెనక్కి తీసుకోవాలి. ఐదింటికి ఆ వారం కోడంతా కస్టమర్ల దగ్గరికి వెళ్ళిపోతుందని నాకు తెలుసు. కానీ 'బాగుంది' అన్న మాట ఆమె నాకు ఎప్పుడూ రాయలేదు. దాన్ని చూస్తూ కూర్చున్నాను. రేపు పొద్దున వస్తుంది కదా, నవ్వుతూ చెప్పేద్దాం, ఇంకో గంట మాట్లాడుకోవచ్చు అనుకున్నాను. గడియారంలో ఐదు దాటిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ తప్పు వల్ల, మా సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఒక బస్సుల కంపెనీ టికెట్ కౌంటర్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మూడు గంటలు. ప్రయాణాలు పెట్టుకున్నవాళ్ళు పిల్లల్ని చంకన వేసుకుని లైన్లలో నిలబడిపోయారని మేనేజర్‌గారు మీటింగ్‌లో చదివి వినిపించారు.

ఆమె హాస్పిటల్ నుంచి నేరుగా వచ్చింది. వచ్చిపోయేవాళ్ళకి అంటించే కాగితం ముక్క ఇంకా భుజం మీదే ఉంది.

"తప్పు నాది," అంది. "చూసి సరే అన్నది నేను. అతను కొత్త."

నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. నోరు తెరవడానికి ఐదు నిమిషాలు నాకు దొరికాయి. తెరవలేదు. మీటింగ్ అయ్యేసరికి ఆమె పై అంతస్తు సీటు పోయింది. కోడ్ చూసేవాళ్ళ జాబితాలోంచి కూడా ఆమె పేరు తీసేస్తామన్నారు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు తిండి సహించదు. ఆమె నన్ను వెతుక్కుంటూ క్యాంటీన్‌కి వచ్చింది. నన్ను ఓదార్చడానికి.

"ఆ ఏడుపుముఖం తీసెయ్. కొత్తలో అందరికీ జరుగుతుంది."

"మీ ప్రమోషన్..."

"పోతే పోయింది. నా బాధ అది కాదు. నీకు స్కూటర్ మీటర్ చెప్పానా? విన్నావు, తలూపావు. మళ్ళీ అదే రాశావు. నాకే చెప్పడం చేతకాదేమోనని ఇందాకట్నుంచి ఒకటే ఆలోచన."

ఇక నావల్ల కాలేదు.

"మీరు చెప్పింది నాకు ఆ రోజే వచ్చిందండీ. కావాలనే తప్పు రాశాను."

ఆమెకి అర్థం కాలేదు. "కావాలని అంటే?"

"మీరు వస్తారని. తప్పుంటే వస్తారు కదా. అన్నీ అందుకే పెట్టాను. ఐదు నెలల నుంచి."

"స్పెల్లింగ్?"

"మొదటిది పొరపాటు. తర్వాతవన్నీ కావాలనే."

"ఆ వేరియబుల్స్?"

"అవీ."

ఆమె టీ గ్లాసుని బల్ల మీద పెట్టింది.

"నేను రోజూ ఇంటికెళ్ళి మా అక్కతో చెప్పేదాన్ని. ఒకబ్బాయి ఉన్నాడు, తెలివైనవాడే, ఎలా చెప్తే ఎక్కుతుందో తెలియట్లేదు అని. తను కడుపుతో ఉండి కూడా విద్యార్థిలా నా ఎదురుగా కూర్చునేది. నేను గోడకి కాగితం అంటించి ప్రాక్టీస్ చేసేదాన్ని."

"నాకు మీరంటే..."

"అనొద్దు." ఆమె లేచింది. "ఒక్క మాట నోటితో అడగలేక, మీరు ఊళ్ళోవాళ్ళ ప్రయాణాలు ఆపేశారు."

'నువ్వు' కాస్తా మళ్ళీ 'మీరు' అయింది.

నేరుగా మేనేజర్‌గారి గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నావు. రిపోర్ట్ పైకి వెళ్ళిపోయింది. నీ పేరు కలుపుతాను, ఆవిడ పేరు మాత్రం తియ్యలేను. రాసినవాడిది సగం, చూసినవాళ్ళది సగం. ఇక్కడి రూలు నీకు తెలుసు."

"నాదే మొత్తం అని రాయండి సార్."

"ఆ మాట మీటింగ్‌లో అనాల్సింది. శుక్రవారంలోగా దాన్ని సరిచేసి ఇచ్చి, వెళ్ళిపో. ఆ కోడ్ ఇంకెవరికీ తెలియదు కాబట్టి చూడటానికి ఆవిణ్ణే ఒప్పిస్తాను. ఆవిడకీ అదే ఆఖరు."

మూడు రోజులు రాశాను. రాసింది పదకొండు లైన్లు. వెయ్యిసార్లు చూసుకున్నాను. అన్నీ తొమ్మిదులున్న అంకె ఇచ్చి చూశాను, సున్నా ఇచ్చి చూశాను, హద్దు మీద నిలబెట్టి చూశాను. జీవితంలో మొదటిసారి, తెలిసి తెలిసి, ఆమె నా దగ్గరికి రావడానికి ఏ కారణమూ మిగలకుండా రాశాను.

శుక్రవారం ఆమె తనంతట తనే వచ్చి నా పక్కన కూర్చుంది. బయట మళ్ళీ వాన. ఈసారి కిటికీ వైపు ఎవరం చూడలేదు. పదకొండు లైన్లు చదవడానికి ఆమెకి గంటన్నర పట్టింది. ప్రతి లైన్ మీదా వేలు పెట్టి చదివింది. కాగితం మీద లెక్క వేసుకుంది. మళ్ళీ మొదటికి వెళ్ళింది.

"తప్పు లేదండీ," అంది. "ఒక్కటి కూడా లేదు."

నేను తల వంచుకున్నాను. ఆమె మౌస్ మీద చెయ్యి పెట్టింది గానీ నొక్కలేదు.

"రెండో నెలలో ఒకటి ఇలాగే, ఏ తప్పూ లేకుండా పంపారు. గుర్తుందా?"

"ఉందండీ. మీరు టిక్కు పెట్టి ఊరుకున్నారు."

"రెండు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. చదివినచోటే మళ్ళీ చదివాను. చిన్నదైనా ఏదో ఒకటి దొరికితే మీ బల్ల దగ్గరికి రావచ్చని." ఆమె మౌస్ మీంచి చెయ్యి తీసింది. "దొరకలేదు. లేని తప్పు ఉందని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. అందుకే టిక్కు పెట్టాను."

నాకు ఏడుపు ఆగలేదు. హాల్లో అందరూ చూస్తున్నారు. సిగ్గు కూడా వెయ్యలేదు.

"ఇప్పుడు చెప్పనా అండీ? ఆ రోజు వద్దన్న మాట?"

ఆమె నా వైపు తిరిగింది. ఆ కళ్ళల్లో కోపం ఉంటే బాగుండేది.

"వద్దు. ఇప్పుడు మీరు ఏం చెప్పినా, అది నిజమో, కావాలని పెట్టిందో నేను తేల్చుకోలేను. నాకు చూడటం చేతకాదని మీరే నిరూపించారు కదా."

టిక్కు పెట్టింది. లాప్‌టాప్ మూసింది. వెళ్ళేటప్పుడు కుర్చీని తీసిన చోటే జాగ్రత్తగా పెట్టి వెళ్ళింది.

సాయంత్రం గేటు దగ్గర నా కార్డు తీసుకుని సంతకం పెట్టించుకున్నారు. ఇకమీదట ఆ కోడ్ పేజీ నాకు తెరుచుకోదు. ఆ పదకొండు లైన్లు మాత్రం ఎక్కడో నడుస్తూనే ఉంటాయి, పైన నా పేరు, కింద ఆమె పేరు. వాటిల్లో తప్పు లేదు కాబట్టి వాటిని ఇక ఎవరూ తెరవరు.

జేబులో ఆ మూడు రకాలుగా రాసుకున్న కాగితం ఇంకా ఉంది. గొడుగు లేదు. వానలోనే బస్టాండ్ దాకా నడిచి, టికెట్ కౌంటర్ ముందు లైన్లో నిలబడ్డాను.