పేరు అక్కర్లేదన్న పేజీ

సిగ్నల్ దగ్గర కారు ఆగగానే డ్రైవింగ్ టీచర్ అడిగేసింది.

"ఆ మాటలు మీరే రాస్తున్నారా?"

స్టీరింగ్ పట్టుకున్న కళ్ళజోళ్ళబ్బాయి కంగారులో క్లచ్ వదిలేశాడు. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక వ్యాను హారన్ మోగిస్తోంది. అది తనకోసమేనని అతనికి తట్టలేదు.

"ఏ మాటలండీ?"

ఆమె ముందు కారు పక్కకు తీయించింది.

ఆ డ్రైవింగ్ స్కూలు ఆమె బాబాయిది. నేర్పేది ఆమె. అతనికి రెండు వీధుల అవతల కళ్ళజోళ్ళ షాపుంది, అందుకే స్కూల్లో అందరికీ కళ్ళజోళ్ళబ్బాయి అయిపోయాడు. సాయంత్రం బ్యాచ్. గేరు మార్చే ముందు దాన్ని అనుమతి అడుగుతున్నట్టు చూసేవాడు.

బాబాయి ఈమధ్యే స్కూలుకు వెబ్‌సైటు చేయించాడు. 'మా గురించి మీ మనసులో మాట రాయండి, పేరు అక్కర్లేదు' అని అందులో ఒక పేజీ. జనం మొహమాటం లేకుండా రాశారు. సీటు గట్టిగా ఉందన్నారు, ఏసీ ఉత్త గాలే అన్నారు. వాటి మధ్యలో ఒకటి వేరేగా వచ్చింది. 'మీ గొంతు పక్కనుంటే భయం పోతుంది. రోజూ ఎప్పుడు కారెక్కుతానా అని ఎదురుచూస్తున్నాను.' కొన్నాళ్ళకు ఇంకొకటి. 'నాలో ఇంత ధైర్యముందని మీవల్లే తెలిసింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు.'

ఆమె అది చదివి, తలుపు దగ్గరగా వేసొచ్చి మళ్ళీ చదివింది.

ఆఫీసు కంప్యూటర్లో ప్రతి మాట కిందా రాసినవాళ్ళ ఫోను ఏ కంపెనీదో కూడా కనిపిస్తోంది. ఇదెలా వచ్చిందని వెబ్‌సైటు చేసినతన్ని అడిగింది. ఏ పేజీ తెరిచినా ఫోన్లో బ్రౌజరు తన వివరాలు కొన్ని చెప్పుకుంటుందట. చాలా ఫోన్లు మోడల్ నంబరు కూడా చెప్పేస్తాయట. నంబరు తెలిస్తే కంపెనీ పేరు తేలిపోతుంది. పేజీ స్క్రీనుకు సరిపోవడానికని మొదలైన పద్ధతి, ఇప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడుకుంటున్నారన్నాడతను.

ఆమెకు సగమే అర్థమైంది. కానీ ఆ రెండు మాటల కిందా ఉన్నది ఎప్పుడో మూతపడ్డ కంపెనీ పేరు. ఆ ఫోను స్కూల్లో ఒక్కరి చేతిలోనే చూసిందామె.

ఇప్పుడు కార్లో ఆ ఒక్కడూ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తనేమీ రాయలేదన్నాడు. ఆమె నమ్మలేదని గ్రహించి మరోసారి అన్నాడు. తర్వాత అతనికే ఒక సందేహం వచ్చింది.

"పేరు అక్కర్లేదన్నారు కదా. మరి నాదాకా ఎలా వచ్చారు?"

ఆమె తనకు తెలిసినంత చెప్పుకొచ్చింది. చెబుతున్నకొద్దీ గొంతు తగ్గిపోయింది. అతను జేబులోంచి ఫోను తీసి, ఇంటి గుట్టు వీధిలో చెప్పొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

"రాసింది నేను కాదు. కానీ ఎవరో, మీరు వెతకరన్న నమ్మకంతో రాసుంటారండీ," అన్నాడు మెల్లగా.

అతను దిగి నడిచి వెళ్ళిపోయాడు. ఆమె చాలాసేపు కారు తీయలేదు. వెతికినందుకు సిగ్గుపడుతోందో, రాసింది అతను కానందుకు చిన్నబుచ్చుకుందో ఆమెకే తేలలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అతను వాళ్ళమ్మకు జరిగిందంతా చెప్పాడు. టీచర్ అడిగిన ఆ ప్రశ్న తనకు ఎందుకో నచ్చిందన్న సంగతి మాత్రం దాచుకున్నాడు. అమ్మ చెంచా కింద పెట్టేసింది.

"ఎవరు రాశారో ఫోను చెప్పేస్తుందా?"

"ఫోను ఏ రకమో తెలుస్తుందమ్మా. పట్టుకున్న చెయ్యి ఎవరిదో తెలీదు. అందుకే పోయి పోయి నన్ను పట్టుకుంది."

అంటూనే అమ్మ కంచం పక్కనున్న ఫోను చూశాడు. షాపువాడు తగ్గించి ఇస్తున్నాడని అప్పట్లో ఒకేలాంటివి రెండు కొన్నారు, తనకొకటి, అమ్మకొకటి. అతనికి విషయం ఎక్కడానికి కాసేపు పట్టింది.

అమ్మ తలెత్తకుండానే చెప్పింది. నువ్వు షాపుకు వెళ్ళాక అదే స్కూల్లో పొద్దుటి బ్యాచ్‌కి వెళ్తున్నానంది. కొన్నేళ్ళ కిందట ఆవిడ సరదాపడి మావయ్య కారు కదిలించి గేటుకు గుద్దితే ఇంటిల్లిపాదీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది తనేనని అతనికి గుర్తొచ్చింది. ఇక వెళ్ళనులే అని ఆవిడ కంచాలు తీసేసింది.

పొద్దుటి బ్యాచ్‌లో తను పిన్నిగారూ అని పిలిచే పెద్దావిడ రాకపోవడం టీచర్‌కు వింతగా తోచింది. ఒక్కరోజు కూడా మానని మనిషి. మర్నాడూ రాలేదు. కళ్ళజోళ్ళబ్బాయీ రాలేదు. ఇద్దరికీ సంబంధముందని ఆమెకు తెలియదు కానీ, అతను మానేసింది మాత్రం తనవల్లేననిపించింది.

ఫోన్ల పేర్లు తీసేయించమంటే, దానివల్ల ఎవరికేం నష్టమని బాబాయి తేలిగ్గా తీసుకున్నాడు. పని పూర్తయ్యేదాకా ఆమె అక్కడినుంచి కదల్లేదు. ఫోన్లు చెప్పడం మానవు, మనం రాసుకోవడం మానగలమంతే అన్నాడు వెబ్‌సైటతను. ఆ మాటే ఆమె పేజీ కింద పెట్టింది: 'ఇన్నాళ్ళూ మీ ఫోను ఏ కంపెనీదో మాకు కనిపించేది. మీకు చెప్పకుండా చూశాం, క్షమించండి. ఇకమీదట రాసుకోం.'

వారం తిరక్కముందే పిన్నిగారు వచ్చింది. ఆవిడ వెనకే కళ్ళజోళ్ళబ్బాయి. ఇద్దరినీ ఒక్క గుమ్మంలో చూసి టీచర్‌కు మళ్ళీ ఏమీ అర్థం కాలేదు.

"వీడు మా అబ్బాయమ్మా," అంది ఆవిడ. "రాసింది నేను. మీరు పేజీలో పెట్టింది చదివే వచ్చాను."

టీచర్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఒకటే ముక్కు. ఇన్నాళ్ళూ పిన్నిగారి మాటలకా తను తలుపేసుకుని మురిసిపోయింది అనుకునేసరికి నవ్వు ఆగలేదు. క్షమించమని అడగబోతే, ముందు తాళాలివ్వమంది ఆవిడ.

స్కూలు పక్క ఖాళీ స్థలంలో, రెండు గీతల మధ్య కారు వెనక్కి పెట్టడం ఆరోజు పాఠం. అబ్బాయి వెనక సీట్లో బుద్ధిగా కూర్చున్నాడు. అమ్మ ఒకసారి పెట్టింది, వంకరపోయింది. అతను నవ్వలేదు. ముందుకు వంగి, టీచర్‌తో అన్నాడు.

"అవి నేను రాయలేదు. మీరడిగినప్పట్నుంచీ ఎందుకు రాయలేదా అనిపిస్తోంది."

అద్దం చూడమని చెప్పాల్సిన టీచర్ అద్దంలో అతన్నే చూస్తోంది.

"మీ అమ్మగారి ముందే చెప్తున్నారా?"

"చాటుగా చెబితే మళ్ళీ ఇంకెవరో అనుకుంటారేమోనని."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కాదనలేదు. బ్రేకు మీద కాలుంచండి పిన్నిగారూ అంది. కారు ఎప్పుడో ఆగే ఉంది.

పిన్నిగారు ఇద్దరి వంకా చూసి సీటు సర్దుకుంది. "మీరిద్దరూ దిగి అలా నడిచి రండి. నాకిది కుదరాలంటే చాలాసేపు పట్టేలా ఉంది."

ఒక్కరే చేయగలరా అని టీచర్ అడిగింది. మీరు నేర్పిందేగా అందావిడ.

వాళ్ళిద్దరూ మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడంగా నడుస్తూ గేటు దాటారు. మలుపు దగ్గరికొచ్చేసరికి ఆ ఎడం లేదు. వాళ్ళు కనుమరుగయ్యాక ఆవిడ గేరు మార్చి, ఒక్కసారికే కారును రెండు గీతల మధ్యా నిటారుగా పెట్టేసింది.