నిండిన బ్యాటరీ

ఊరికే వచ్చిన మేలును ఫిజియో ఎప్పుడూ నమ్మదు. అందుకే ఆ వారం తన మైలేజి చూసి ఆమెకు అనుమానం పట్టుకుంది.

క్లినిక్‌కి ఉన్నది పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కారు ఒక్కటే. పొద్దున ఇళ్ళ నుంచి రక్తం శాంపిళ్ళు తేవడానికి ల్యాబ్ టెక్నీషియన్ వాడతాడు. అతన్ని అందరూ సూది అంటారు. మధ్యాహ్నం ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళ మోకాళ్ళు వంచడానికి ఫిజియో వాడుతుంది. పెట్రోలు ఖర్చుకు విసిగిన పెద్ద డాక్టరమ్మ, నెలాఖరుకి ఎవరి మైలేజి తక్కువైతే వాళ్ళకి స్కూటరే అని తేల్చేసింది.

కిందటి వానల్లో స్కూటర్ మీంచి జారిపడి ఫిజియో మణికట్టు విరిగింది. ఆ చెయ్యి మళ్ళీ పోతే ఆమె ఉద్యోగం పోయినట్టే.

ముందు వారం లీటరుకి సూదిది ఇరవై ఆరు కిలోమీటర్లు, ఆమెది పదిహేడు. ఈ వారం ఆమెది ఇరవై రెండుకి ఎక్కింది, అతనిది పంతొమ్మిదికి పడింది. ఆమె నడపడంలో మాత్రం వెంట్రుకవాసి మార్పు లేదు.

"ఇందులో ఏదో మతలబు ఉందే," అంది ఇంట్లో ఆమె అక్క బట్టలు మడతపెడుతూ. "మీటరు వాడే తిప్పి, నువ్వు తిప్పావని చాడీ చెప్తాడు. కావాలని ఓడిపోయేవాణ్ణి ఎక్కడన్నా చూశావా?"

మర్నాడు ఫిజియో వానలోనే ముందుగా వెళ్ళి క్లినిక్ పార్కింగులో స్తంభం చాటున నక్కింది. తడిసిన చున్నీ పిండుకుంటూ కాపు కాయడం ఆమె చదివిన చదువులో లేదు. కారు వచ్చింది. సూది దిగి టైర్లలో గాలి చూశాడు. మళ్ళీ లోపల కూర్చున్నాడు. బండి ఆగే ఉంది, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంది.

ఆమె చటుక్కున అవతలి తలుపు తీసి పక్కన కూర్చుంది.

"దొరికారు. బండి నిలబెట్టి పెట్రోలు ఎందుకు తగలేస్తున్నారు?"

"ఛార్జింగ్," అన్నాడు సూది, తల తిప్పకుండా.

"ఫోనా?"

"కారు బ్యాటరీ. మీవన్నీ చిన్న ట్రిప్పులు. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేస్తారు, అందుకే మీకు మైలేజి రాదు. ఇది నిండుగా ఉంటే కొంత దూరం దీనిమీదే నడుస్తుంది."

"మరి ఈ పెట్రోలు ఎవరి లెక్కలోకి?"

"నా లెక్కలోకి."

"స్కూటరంటే అంత మోజా?"

"కాదు. మీ చెయ్యి విరిగిన రోజు ఎక్స్‌రే తెచ్చింది నేనే. నొప్పికి మీరు ఏడవలేదు. మళ్ళీ పేషెంట్లని పట్టుకోగలనా అని ఏడ్చారు."

ఆమె తన మణికట్టు వైపు చూసుకుంది. అయినా అనుమానం అంత తొందరగా చస్తుందా?

"ఇంకేమైనా దాస్తున్నారా?"

"దాస్తున్నా. అది మైలేజి సంగతి కాదు."

ఆమెకు సంతోషమూ కలిగింది, చిర్రెత్తుకూ వచ్చింది. "కారు తాగేది మొత్తానికి పెరిగింది కదండీ. డాక్టరమ్మ బిల్లు చూస్తే ఇద్దరికీ స్కూటర్లే."

సూది గబుక్కున ఇంజిన్ ఆపేశాడు. ఆ సంగతి అతనికి తట్టనే లేదు.

"ఇటు జరగండి. నేను నడుపుతా, మీరు నేర్పండి."

రోడ్డెక్కారు. "దూరంగా ఎర్రలైటు కనిపిస్తోందా? ఇప్పుడే కాలు తీసేయండి. బ్రేకు మెల్లగా. గట్టిగా తొక్కితే బండి వేగమంతా వృథా, మెల్లగా తొక్కితే అది కరెంటుగా మారి బ్యాటరీలోకి వస్తుంది."

ఎర్రలైటు దగ్గర కారుతో పాటు ఇంజిన్ కూడా ఆగిపోయింది. పైన వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఇప్పుడు చెప్పండి, ఆ దాచింది."

"ఇంజిన్ మోత ఉంటే చెప్పడం సులువయ్యేది." అతను వైపర్లనే చూస్తున్నాడు. "మీరంటే నాకిష్టం. చాన్నాళ్ళ నుంచి."

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మోగాయి. ఆమె కారును నిదానంగా కదిపింది.

"నాకూ ఇష్టమే," అంది. "కానీ ఈ పక్కసీట్లో రోజూ మీరుంటేనే నమ్ముతా."

ఆ సాయంత్రం ఇద్దరూ పెద్ద డాక్టరమ్మ ముందు నిలబడ్డారు. "నా పేషెంట్లు సగంమంది ఈయన శాంపిళ్ళు తెచ్చే వీధులవాళ్ళేనండీ," అంది ఫిజియో. "పొద్దున్నే కలిసి ఒకే చుట్టు తిరిగితే ఇంజిన్ ఒక్కసారే వేడెక్కుతుంది. పెట్రోలు మిగులుతుంది."

డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి ఇద్దర్నీ మార్చిమార్చి చూసింది.

"ఇదంతా పెట్రోలు కోసమేనా?"

ఇద్దరూ ఒక్కసారే తలూపారు. ఆవిడ ఒక్క ముక్క కూడా నమ్మలేదు. కారు తాళం మాత్రం ఇచ్చేసింది.