గుల్జార్‌బీ గీత

1967 ఫిబ్రవరి పన్నెండు, ఆదివారం. ప్రొద్దుటూరులో మోటారు సైకిళ్ల మెకానిక్ రహమాన్ ఇంట్లో ఆ పొద్దున జొన్నరొట్టెలు, శనక్కాయల ఊరుబిండి పచ్చడి. కోడలు మైమూన్ రొట్టె అంచు కొంచెం మాడనిచ్చి తీసింది. మామకు అలాగే ఇష్టమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మూడేళ్ల కిందట పోయిన అత్త గుల్జార్‌బీ చేసేది చూసి నేర్చుకుంది.

"ఇంకోటి వేస్తా మామా."

"చాలు తల్లీ. ఖాజా తిన్నాడా?"

"యాడ తిన్యాడు? తెల్లారకముందే షెడ్డులో దూరినాడు. రేపు బెంగుళూరాయప్ప వస్తాడు కదా."

బెంగుళూరాయన కాఫీతోటల ఆసామి. యుద్ధకాలపు మోటారు సైకిళ్లను వెతికి కొని నడుపుకోవడం ఆయన సరదా. రహమాన్ అలాంటి బండ్లను మిలిటరీ వేలంలో కొని, ముక్క ముక్క విప్పి బాగుచేసి, ఇష్టపడ్డవాళ్లకు అమ్మేవాడు. అమ్మనిది ఒక్కటే, తను నడిపే బీఎస్ఏ బండి. మోకాలు పట్టేసి కిక్కు కొట్టలేక ఏడాదిగా మూలన పెట్టాడు. తుప్పు పట్టేకంటే నడిపేవాడి దగ్గరికి పోనీలే అని తనే ఒప్పుకున్నాడు. బండి పట్టాళంలో ఉన్నట్టు ఒళ్లంతా పచ్చరంగుతో ఉండాలన్నాడు ఆసామి. "ఆయప్ప చెప్పినట్టే చెయ్" అని కొడుకు ఖాజాతో అన్నాడు రహమాన్. పెట్రోలు ట్యాంకు సంగతి చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు.

ఆ ట్యాంకు ఎర్రది. దానిమీద రెండు పసుపు గీతలు గీసింది గుల్జార్‌బీ. జమ్మలమడుగులో ఆమె పుట్టింటివాళ్లు జట్కాలకు రంగులు వేసేవాళ్లు. ఉడుత తోక వెంట్రుకల కుంచె పట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగులో గీసింది. ఒక్కచోట గీత కాస్త వంకర పోయింది. దిద్దుతానంటే రహమానే వద్దన్నాడు. ఆమెను వెనక కూర్చోబెట్టుకుని జమ్మలమడుగు బయలుదేరిన ప్రతిసారీ ఆ వంకర మీద బొటనవేలు ఆనించడం అతనికి అలవాటైంది. ఆమె పోయాక ఆ అలవాటు మిగిలింది.

చెయ్యి కడుక్కుని షెడ్డులోకి వెళ్లాడు. ట్యాంకు పచ్చగా మెరుస్తోంది.

"ఏందిరా ఇది?"

"నువ్వు చెప్పినట్టే కదా నాయనా."

"నేను బండి అంటి. ట్యాంకు అంటినా?"

"ట్యాంకు లేకుండా బండి యాడుంటాది?" ఖాజా తల ఎత్తలేదు. "వారం నుంచి చూస్తాండా, ట్యాంకు ముట్టొద్దురా అని ఒక్క మాట అంటావేమోనని. నువ్వు ఈ పక్కకే రాకపోతివి."

"మీ అమ్మ చీరలన్నీ పంచిపెడితిమి. ఆమె చేతిది నాకు ఇదొక్కటే కదరా ఉండేది!"

"నాకు మాత్రం ఇంకేముంది?"

ఆ అరుపుకు మైమూన్ గుమ్మంలోకి వచ్చింది. "శానా బాగుంది. తండ్రీకొడుకులకు ఇంజను మాటైతే అర్థమైతాది, మనిషి మాట కాదు. ఈయప్ప వారం నుంచి సగం అన్నానికే లేస్తాండాడు, చూస్తివా మామా?"

రహమాన్ స్టూలు మీద కూలబడ్డాడు. చెయ్యి అలవాటు కొద్దీ ట్యాంకు మీదికి పోయింది. బొటనవేలి కింద పచ్చరంగు మీగడలా జారింది. అడుగున గాజులాంటి నునుపు తగిలింది. అతని కనుబొమలు ముడిపడ్డాయి.

పాత రంగును ఉప్పుకాగితంతో గరుకుగా రుద్దాకే కొత్త రంగు వేయాలి. లేకుంటే పట్టదు. ఖాజాకు అతను నేర్పిన మొదటి పని అదే.

"ఉప్పుకాగితం పెట్టలేదా?"

ఖాజా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. మడత కూడా నలగలేదు. "మూడుసార్లు తీస్తి నాయనా. చెయ్యి ఆడలేదు. కండ్లు మూసుకోని పైనే పూసేస్తి."

రహమాన్ పచ్చరంగు అంటిన తన బొటనవేలిని చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మైమూన్, కిరసనాయిలు తే తల్లీ."

ఆమె సీసాతో పాటు తన పాత ఓణీ చింపి తెచ్చింది. తండ్రీకొడుకులు చెరోవైపు తుడిచారు. పచ్చదనం గుడ్డకు అంటుకుంది. ఎరుపు తేలింది, తర్వాత పసుపు. వంకర బయటపడగానే రహమాన్ చెయ్యి ఆగింది.

"ఇది నీ పనేరా. నాలుగేండ్లోడివి. ఆమె గీస్తాంటే కొంగు పట్టి లాగితివి."

"నేనా?" ఖాజా ఆ వంకర మీద వేలు పెట్టాడు. ఎంతసేపటికీ తీయలేదు. కన్నీళ్లు ట్యాంకు మీద పడుతుంటే మైమూన్ ఓణీ ముక్కతో తుడుస్తూ, "తుప్పు పడతాది, పక్కకు తిరిగి ఏడువు" అంది.

"ఎర్రగుంట్లలో పాతసామాన్ల అంగట్లో రంగు పోయిన మొండి ట్యాంకు ఒకటి చూసినా," అన్నాడు రహమాన్. "తెచ్చి దానికి పచ్చరంగెయ్. వేరే ట్యాంకని ఆసామికి ముందే చెప్పుదాం. ఇష్టముంటే కొంటాడు, లేకుంటే పోతాడు."

"రేపటికి రంగు ఆరదు నాయనా."

"ఆరేదాకా రొట్టె తిని కూచుంటాడు," అంది మైమూన్.

"దానికన్నా ఉప్పుకాగితం పెట్టురా."

ఖాజా ఏడుస్తూనే నవ్వాడు.

సాయంత్రం ఖాజా బస్సులో మొండి ట్యాంకును ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చాడు. దీపాలు పెట్టాక రహమాన్ ఒక్కడే షెడ్డులోకి వెళ్లాడు. ఎర్ర ట్యాంకు గూట్లో, మడతపెట్టిన గోనెపట్టా మీద ఉంది. కింద బీఎస్ఏ ఖాళీ మెడతో నిలబడింది. ఆ బండి మీద ఇక జమ్మలమడుగు పోయేది లేదు. వంకర మీద బొటనవేలు ఆనించాడు. పక్కనే కిరసనాయిలు తడికి అంటుకున్న ఖాజా వేలిముద్ర కనిపించింది. తుడవలేదు.

తలుపు లాగాడు. ఎప్పుడూ కిర్రుమనే బందు ఆ రోజు చప్పుడు చేయలేదు. మైమూన్ ఎప్పుడు నూనె వేసిందో. నిద్రపోయే మనిషి గదికి వేసినట్టు, మెల్లగా గొళ్లెం పెట్టాడు.