నీలం తలుపుకి వీపు పెట్టి

ఆ నీలం తలుపు ఇంటికి పేరు చెడి చాలా కాలమైంది. చీకటిపడ్డాక దాని ముందు నిలబడి దారి వెతుక్కున్నవాడు ఎటు నడిచినా తిరిగి దాని ముందుకే వస్తాడట. పోనీ, ఆ పేటవాళ్లు దాని ఊసు ఎత్తకుండా ఉంటారా? ఎవరికి దారి చెప్పాలన్నా ఆ ఇంటినే గుర్తు చెబుతారు. దెయ్యమంటే హడల్... దారికి మాత్రం దెయ్యం కొంపే కావాలి! ఇలాంటి బుర్రలకి ఏ మందు వెయ్యాలో నాకు తెలీదు.

తాళాలు బాగుచేసే ఒకాయనకి జరిగిందిది. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ఆ రాత్రి ఆయనకి ఫోన్ వచ్చింది. మూడేళ్ల పిల్ల స్నానాలగదిలోకి దూరింది, లోపల తాళం పడిపోయింది. కుళాయి ధారగా పోతోంది, తొట్టి నిండుతోంది. తలుపు బద్దలు కొడదామంటే పిల్ల దానికే ఆనుకుని ఏడుస్తోంది.

"నీలం తలుపుంటుందన్నా," అన్నాడు పిల్ల తండ్రి. "దానికి వీపు పెట్టి నేరుగా వచ్చెయ్. చివర మా ఇల్లే."

"దెయ్యం కొంపేగా! వస్తున్నా."

దెయ్యాలంటే తాళాలాయనకి మహా చులకన. వాటిని నమ్మేవాళ్లంటే ఇంకా చులకన.

తలుపు దొరికింది. వీపు పెట్టాడు. నేరుగా నడిచాడు... చివర ఇల్లు లేదు. మొండిగోడ! వెనక్కొచ్చి మళ్లీ వీపు పెట్టి, మళ్లీ నడిచాడు. మళ్లీ అదే గోడ. తిరిగొచ్చి తలుపు ముందు స్తంభాల మధ్య మెట్ల దగ్గర నిలబడేసరికి ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావన్నా? నేనే ఎదురొచ్చాను. నీలం తలుపు ముందే ఉన్నా."

"నేనూ దాని ముందే ఉన్నాను సార్."

"...ఇక్కడెవరూ లేరే."

"ఇక్కడా... ఎవరూ లేరు."

తాళాలాయన తలుపుకి చెవి ఆనించాడు.

"సార్... ఒకసారి తలుపు కొట్టండి," అన్నాడు గుసగుసగా.

టక్... టక్...

వినబడింది — ఖాళీ ఇంటి లోపల్నుంచి!

ఫోన్ కట్టయింది. పారిపోదామని కాళ్లు లాగుతున్నాయి. కానీ ఫోన్లో విన్న ఆ పిల్ల ఏడుపు చెవిలోంచి పోవడం లేదు. సంచీలోంచి తీగ తీసి తాళంలో పెట్టాడు. రెండు తిప్పులు తిప్పాడు. తలుపు తెరుచుకుంది.

లోపల కటిక చీకటి. గోడ తడుముకుంటూ నడిచాడు... ఎదురుగా ఇంకో తలుపు. గడియ లాగాడు.

బయట — అవే మెట్లు, అవే స్తంభాలు, అదే నీలం! మెట్ల మీద కొయ్యబారిపోయి పిల్ల తండ్రి.

"బాబోయ్!" అని ఆ మహానుభావుడు పరుగు లంకించుకున్నాడు. తాళాలాయన వెనకే పడ్డాడు. దారి తెలీనివాడికి అంతకన్నా మంచి గుర్తు ఏం దొరుకుతుంది?

తండ్రిగారు ఇంట్లో దూరి గడియ పెట్టేశారు — తాళం తీసేవాణ్ణి బయట పెట్టి!

"ఏమే, దెయ్యం! సంచీతో వస్తోంది!"

"మీ మొహం! దెయ్యానికి సంచీ ఎందుకండీ?" అని భార్య వచ్చి తలుపు తీసింది.

నిమిషంలో స్నానాలగది తెరుచుకుంది. తడిసి ముద్దైన పిల్లని గుండెకి హత్తుకుని తల్లి భోరుమంది.

అసలు సంగతి ఇంతే. ఆ ఇల్లు కట్టించిన అన్నదమ్ములకి ఒకరంటే ఒకరికి పడేది కాదు. పెరటివైపు వాటా నాకొద్దంటే నాకొద్దని కొట్టుకున్నారు. చివరికి పెరడే లేకుండా, రెండు వీధులకీ అచ్చుగుద్దినట్టు రెండు ముఖద్వారాలు పెట్టించారు. ఇన్నేళ్లలో ఒక్కడూ రెండోవైపు తిరిగి చూసిన పాపాన పోలేదు.

"ఆ వచ్చింది నేనే సార్," అని తాళాలాయన ఎంతో చెప్పాడు.

"నువ్వా? అది తాడిచెట్టంత ఉంది!" అన్నాడు తండ్రి.

కొన్నాళ్లకి బీరువా తాళం పట్టేసిందని అతనే మళ్లీ ఫోన్ చేశాడు.

"దారి తెలుసుగా అన్నా? నీలం తలుపుకి వీపు పెట్టి నేరుగా... కానీ జాగ్రత్త. ఈమధ్య అది తాళాల సంచీ పట్టుకుని తిరుగుతోంది."