గస్సాన్ నిద్రపోయిన రాత్రి

మందు సీసా పోయిందని గస్సాన్ ఫోన్ చేసిన పూట బేరూత్ ఎండకు ఉడికిపోతోంది. డిటెక్టివ్ వదాద్, ఆమె సహాయకుడు ఫిరాస్ వెళ్లేసరికి గస్సాన్ భార్య జుమానా మెట్ల మీద, పనిమనిషి త్సెగా రెక్క పట్టుకుని లాగుతోంది.

"దొంగది! పారిపోతుంది బాబూ, గదిలో పెట్టు!"

ఫిరాస్ ముందూ వెనకా చూడలేదు. త్సెగాను గదిలోకి నెట్టి తాళం వేశాడు.

గస్సాన్‌కు చర్మం మీద వచ్చే అరుదైన లింఫోమా కేన్సర్, తొందరగా పాకే రకం. ఒళ్లంతా గోకి గోకి పుండ్లే. పోయింది కేన్సర్ కణాన్ని వెతికి మరీ కొట్టే మందు, చల్లగా ఉంచకపోతే పాడైపోతుంది. ఇక్కడ దొరక్క ఇస్తాంబుల్ నుంచి తెప్పించారు. రేపే ఎక్కించాలి.

"ఫ్రిజ్‌లో పెట్టాను, పొద్దున లేదు. అదే అమ్ముకుంది!" అంది జుమానా.

వదాద్ చల్లటి నీళ్లడిగింది. ఫ్రీజర్‌లోంచి తీసిన సంచిలో ఐసుముక్కలన్నీ ఒకే దిమ్మగా అతుక్కున్నాయి. జుమానా రోకలితో పగలగొట్టాల్సి వచ్చింది.

"రాత్రి నిద్ర పట్టిందా గస్సాన్ గారూ?"

"పట్టిందమ్మా! నెలల తర్వాత. చల్లగా, గోక్కోకుండా."

"కరెంటుందా?"

"సర్కారు కరెంటా? నవ్వించకండి. జనరేటర్ వాడిచ్చే ఐదు ఆంపియర్లే. ఏసీ, ఫ్రిజ్ కలిపి వేస్తే ఠపీమని పోతుంది."

వదాద్ అందరినీ తాళం వేసిన తలుపు ముందుకు పిలిచింది. లోపలి మనిషికీ వినబడాలిగా.

"దొంగతనం జరగలేదు. ఐసు కరిగి మళ్లీ గడ్డకట్టింది, అంటే ఫ్రిజ్ గంటలకొద్దీ ఆగింది. అది ఆగితేనే ఏసీ నడిచేది. రాత్రి ఆయన గదిలో ఉన్నది నువ్వొక్కదానివే. ప్లగ్గు పీకింది ఎవరు జుమానా?"

జుమానా నోరు విప్పింది. "కాసేపే అనుకున్నా. నాకూ కన్నంటుకుంది. తెల్లారి చూస్తే సీసా వెచ్చగా ఉంది. ఫార్మసీలో అడిగితే వాడొద్దన్నారు. ఈయనకి ఏ మొహంతో చెప్పను? బీరువాలో దాచేశా."

"చల్లగాలి కోసం ఏడ్చింది నేనే కదే," అన్నాడు గస్సాన్.

"కరెంటివ్వని దొరలదీ పాపమే," అంది వదాద్. "కానీ దొంగ అన్న మాట మాత్రం వాళ్లది కాదు జుమానా, నీది."

ఫిరాస్ తలుపు తీశాడు. "తప్పయిపోయింది త్సెగా." ఆమె వైపు చూడలేకపోయాడు.

త్సెగా గడప దాటలేదు. "మదాం నన్ను దొంగ అన్నది మెట్ల మీద. బిల్డింగంతా విన్నది. నాకింక పనెవరిస్తారు? అక్కడే చెప్పమనండి."

జుమానా మెట్ల మీదికెళ్లి, పిట్టగోడ పట్టుకుంది. "త్సెగా దొంగ కాదు. మందు పాడుచేసింది నేను."

పై అంతస్తు నుంచి ముసలి గొంతు. "ఏంటీ? తిట్టేటప్పుడు బాగానే వినబడ్డావుగా, గట్టిగా చెప్పు!"

రేపు ఎక్కించడానికి మందు లేని గస్సాన్ గోడ పట్టుకుంటూ వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. ఈసారి ఇద్దరూ కలిసి అరిచారు.